చిన్న పడవలో లోతుమాపక ట్రాన్స్‌డ్యూసర్ అమరిక

పడవ కింద నీరు ఎంత లోతుందో శబ్దంతో కొలిచి చూపే పరికరం లోతుమాపకం. దీనిలో రెండు భాగాలుంటాయి. ఒకటి పడవ నడిపేవారి కళ్లెదుట ఉండే తెర. రెండోది నీటిలో మునిగి గానీ, పడవ అడుగును లోపలి నుంచి అంటుకుని గానీ ఉండే ట్రాన్స్‌డ్యూసర్. విద్యుత్తును శబ్దంగా, తిరిగి వచ్చిన శబ్దాన్ని విద్యుత్తుగా మార్చేది ఈ రెండో భాగమే. తెరను ఎక్కడ బిగించినా పనిచేస్తుంది. ట్రాన్స్‌డ్యూసర్ అలా కాదు. దాన్ని నాలుగు అంగుళాలు పక్కకు జరిపితే మంచి పరికరం కూడా పనికిరాకుండా పోవచ్చు. సుమారు 4 నుంచి 10 మీటర్ల పొడవుండే పడవల్లో దాన్ని ఎక్కడ, ఎలా అమర్చాలన్నది ఈ వ్యాస విషయం.

ఎకో సౌండర్, డెప్త్ ఫైండర్, ఫిష్ ఫైండర్ అనే మూడు పేర్లకూ మూలసూత్రం ఒక్కటే. లోతు అంకెను మాత్రమే చూపేది డెప్త్ ఫైండర్. అడుగు నేలనూ మధ్యలో ఉన్న చేపలనూ బొమ్మగా గీసేది ఫిష్ ఫైండర్. అమరిక విషయంలో ఈ తేడా లెక్కలోకి రాదు.

చరిత్ర

శబ్దం రాకముందు లోతు కొలిచింది సీసపు గుండు కట్టిన తాడే. తాడుకు బారకొక గుర్తు ఉండేది. రెండు చేతులూ చాచినంత పొడవు మన బార. ఇంగ్లీషు నావికుల ఫాదం కూడా అదే కొలత నుంచి పుట్టి ఆరడుగుల దగ్గర, అంటే 1.83 మీటర్ల దగ్గర స్థిరపడింది. గుండు అడుగున చిన్న గుంట చేసి అందులో కొవ్వు మెత్తేవారు. ఇసుకో, బురదో, గవ్వ పెంకులో దానికి అంటుకుని పైకి వస్తే కింద నేల ఎలాంటిదో తెలిసేది. అమెరికన్ రచయిత మార్క్ ట్వైన్ కలంపేరు మిసిసిపీ నది పడవల్లో తాడు వేసేవాడు పెట్టే కేక. ‘రెండు బారలు’ అని దాని అర్థం.

నీటిలో శబ్దవేగాన్ని 1826లో జెనీవా సరస్సులో కొలాడాన్, స్టర్మ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొలిచారు. ఒక పడవ నుంచి నీటిలో వేలాడదీసిన గంటను మోగించి, అదే క్షణాన మందుగుండు వెలిగించారు. పదమూడు కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న రెండో పడవలో వెలుగుకూ శబ్దానికీ మధ్య కాలాన్ని లెక్కగట్టారు. సెకనుకు 1,435 మీటర్లని తేలింది. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని పియరీ క్యూరీ, జాక్ క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. నేటి ట్రాన్స్‌డ్యూసర్ ఈ గుణం మీదే ఆధారపడి ఉంది.

1912లో టైటానిక్ మునిగాక, మంచుకొండలను ముందే పసిగట్టే ఉపాయం కోసం పలువురు ప్రయత్నించారు. జర్మనీలో అలెగ్జాండర్ బెమ్ 1913లో ప్రతిధ్వనితో కొలిచే పద్ధతికి పేటెంటు పొందాడు. కెనడాలో పుట్టిన రెజినాల్డ్ ఫెసెండెన్ తన ఆసిలేటర్‌తో 1914 ఏప్రిల్‌లో మయామీ అనే నౌక నుంచి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలోని మంచుకొండ ప్రతిధ్వనిని విన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్‌లో పాల్ లాంజెవిన్ క్వార్ట్‌జ్ పలకలతో చెవికి వినిపించని శబ్దాన్ని నీటిలోకి పంపాడు. 1925 నుంచి 1927 వరకు జర్మన్ నౌక మీటియర్ దక్షిణ అట్లాంటిక్ అడుగును ప్రతిధ్వనితోనే కొలిచింది.

ఇవన్నీ పెద్ద నౌకల కథలు. 1948లో జపాన్‌లోని నాగసాకిలో ఫురునో సోదరులు చేపల వేటకు పనికివచ్చే ఫిష్ ఫైండర్‌ను తయారుచేశారు. 1950ల చివర అమెరికాలో లోరాన్స్ సంస్థ ట్రాన్సిస్టర్లతో చేతిలో మోసుకుపోగల పరికరాన్ని తెచ్చింది. దానితో పరికరం చిన్న పడవకు వచ్చింది. ట్రాన్స్‌డ్యూసర్‌ను ఎక్కడ పెట్టాలనే ప్రశ్న కూడా దానితోనే వచ్చింది. పెద్ద నౌక అడుగు నీటి మట్టానికి మీటర్ల లోతున ఉంటుంది కాబట్టి అక్కడ ఇది అంత పెద్ద సమస్య కాదు. చిన్న పడవ అడుగు పైపైనే ఎగురుతూ, గాలిని మింగుతూ సాగుతుంది.

పనిచేసే తీరు

ట్రాన్స్‌డ్యూసర్ లోపల సిరామిక్ బిళ్ల ఉంటుంది. నేటి పరికరాల్లో ఇది ఎక్కువగా లెడ్ జిర్కొనేట్ టైటనేట్. దానికి విద్యుత్ స్పందన అందగానే అది కంపించి కిందికి శబ్దాన్ని పంపుతుంది. శబ్దం నేలను తాకి తిరిగి వస్తుంది. పోయిన క్షణానికీ వచ్చిన క్షణానికీ మధ్య కాలాన్ని శబ్దవేగంతో హెచ్చించి రెండుతో భాగిస్తే లోతు తెలుస్తుంది. వేగం సెకనుకు 1,500 మీటర్లనుకుంటే, 10 మీటర్ల లోతున్నచోట ఈ రాకపోకలకు సుమారు 13.3 మిల్లీసెకన్లు పడుతుంది.

వేగం అంతటా ఒకటి కాదు. నీరు వేడెక్కినా, ఉప్పదనం పెరిగినా వేగం పెరుగుతుంది. ఎండాకాలపు బంగాళాఖాతం ఉపరితలంలో అది 1,540 మీటర్ల దాకా ఉంటుంది. 1,500గా లెక్కగట్టే పరికరం అక్కడ అసలు లోతుకన్నా రెండు మూడు శాతం తక్కువ చూపుతుంది. నేల ఉన్నదానికన్నా దగ్గరగా కనిపిస్తుంది కాబట్టి పడవకు ఈ తప్పుతో ప్రమాదం లేదు. చల్లటి మంచినీటి సరస్సులో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. 5 డిగ్రీల మంచినీటిలో వేగం 1,430 మీటర్ల లోపే. అక్కడ పరికరం లేని లోతును ఉన్నట్టు చూపుతుంది.

చిన్న పడవల్లో ఎక్కువగా వాడే పౌనఃపున్యాలు 50, 200 కిలోహెర్ట్‌జ్. పక్క దృశ్యాలు చూపే పరికరాలు 455, 800 కిలోహెర్ట్‌జ్ కూడా వాడతాయి. పౌనఃపున్యం తగ్గేకొద్దీ శబ్దం లోతుకు పోతుంది, కానీ వెడల్పుగా పరుచుకుంటుంది. ఎక్కువైతే సన్నగా, స్పష్టంగా చూస్తుంది, త్వరగా నీరసిస్తుంది. శబ్దం కిందికి పోయే ఆకారం బోర్లించిన గరాటులా ఉంటుంది. 20 డిగ్రీల కోణమున్న గరాటు 10 మీటర్ల లోతులో సుమారు మూడున్నర మీటర్ల వెడల్పు వృత్తాన్ని కప్పుతుంది. 45 డిగ్రీలదైతే ఎనిమిది మీటర్లకు పైనే. ట్రాన్స్‌డ్యూసర్ పక్కకు ఒరిగితే ఈ గరాటు కూడా ఒరుగుతుంది. కొలిచేది అప్పుడు కింది నేలను కాదు, పక్క వాలును.

గాలి అడ్డు

అమరిక నియమాలన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతాయి. శబ్దం నీటిలోంచి గాలిలోకి దాదాపుగా పోదు. నీటి ధ్వని నిరోధం గాలి నిరోధానికి మూడు వేల రెట్లకు పైన. అందువల్ల ఆ రెండూ కలిసే హద్దు దగ్గర శబ్దశక్తిలో 99 శాతానికి మించి వెనక్కి తిరిగిపోతుంది. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం మీద బుడగల పొర పారినా, జిగురులో గాలి చిక్కినా, ఫైబర్ పొరల మధ్య గాలితో నిండిన నురుగు ఉన్నా శబ్దం అక్కడే ఆగిపోతుంది. పడవ కదలనప్పుడు సరిగా చూపి, వేగం పెరగగానే అంకె పోగొట్టుకునే పరికరానికి జబ్బు సాధారణంగా లోపల ఉండదు. దాని ముఖం మీది బుడగల్లో ఉంటుంది.

ఇదే గుణం వేటగాడికి మేలు చేస్తుంది. చాలా చేపల పొట్టలో గాలితిత్తి ఉంటుంది. తెర మీద చేపగా కనిపించేది ఎక్కువగా ఆ గాలి నుంచి వచ్చిన ప్రతిధ్వనే.

బుడగలు పుట్టే చోట్లు అనేకం. అడుగున నిలువునా పోయే గట్లు, వరుస రివెట్లు, నీరు లోపలికి తీసుకునే గొట్టాలు, పగిలిన పెయింటు పెచ్చులు, ప్రొపెల్లర్, చెక్క పలకల అతుకులు అన్నీ తమ వెనుక బుడగల చారను వదులుతాయి. అందుకే స్థలం ఎంచేవారు పడవను ఒడ్డెక్కించి, వెనుక నిలబడి, అనుకున్న చోటు నుంచి ముక్కువైపు చూపు సారిస్తారు. పొడవాటి చెక్కపట్టీని అడుగుకు ఆనించి ముందుకు జరిపితే దారిలో ఏం తగులుతుందో ఇంకా బాగా తెలుస్తుంది. ఆ గీత మీద అడ్డేమీ లేకపోతేనే చోటు మంచిది.

అమరిక పద్ధతులు

వెనుక పలక మీద అమరిక: పడవ వెనుక అడ్డంగా ఉండే పలకను ట్రాన్సమ్ అంటారు. ఔట్‌బోర్డు ఇంజన్ బిగించేది దీనికే. చిన్న పడవల్లో ట్రాన్స్‌డ్యూసర్‌కు ఎక్కువగా ఎంచుకునే చోటూ ఇదే. ఖర్చు తక్కువ, నీటి మట్టం కింద పెద్ద రంధ్రం అక్కరలేదు, పాడైతే మార్చడం తేలిక.

ప్రొపెల్లర్‌కు కనీసం 38 సెంటీమీటర్లు ఎడంగా ఉండాలని తయారీదారులు చెబుతారు. రెక్కలు కిందికి దిగే పక్కన నీరు తక్కువగా కలబడుతుంది. వెనుక నుంచి చూసినప్పుడు గడియారం ముల్లులా తిరిగే ప్రొపెల్లర్‌కు అది కుడిపక్క. రెండు ఇంజన్లున్న పడవలో రెండింటి నడుమ పెడతారు. నిచ్చెన, పక్క పలకలు, ఒడ్డుకు లాగే బండి చక్రాలు తగిలే చోటును వదిలేయాలి.

ఎత్తు విషయంలో మిల్లీమీటర్లే తేల్చేస్తాయి. ఫైబర్ పడవలో ట్రాన్స్‌డ్యూసర్ ముఖం అడుగు మట్టానికి సుమారు 3 మిల్లీమీటర్లు, రివెట్ల అల్యూమినియం పడవలో సుమారు 10 మిల్లీమీటర్లు కిందికి ఉండేలా మొదట పెడతారు. అల్యూమినియం పడవకు ఎక్కువ ఎందుకంటే రివెట్ల వెనుక బుడగల పొర మందంగా ఉంటుంది. ముఖం దాని కిందికి దిగాలి. ఇంకా ఎక్కువ దించితే పడవ పరుగెత్తేటప్పుడు వెనుక నీరు చిమ్మనగొట్టంలా లేస్తుంది, బ్రాకెట్టు మీద ఒత్తిడి పెరుగుతుంది. పక్క నుంచి చూస్తే ముఖం నీటి మట్టానికి సమాంతరంగా గానీ, వెనుక అంచు వెంట్రుకవాసి కిందికి గానీ ఉండాలి. అప్పుడు నీరు ముఖాన్ని అదుముకుంటూ పారుతుంది. ముందు అంచు కిందికి దిగితే నీరు ముఖాన్ని వదిలేసి గాలికి చోటిస్తుంది.

బ్రాకెట్టుకు నిలువు గాళ్లు ఉండేది సరిదిద్దుకోవడానికే. అనుభవమున్న పనివాడు ముందు పెన్సిలుతో గుర్తు పెడతాడు. డ్రిల్లు ముల్లుకు కావలసిన లోతు దగ్గర మాస్కింగ్ టేపు ముక్క చుట్టి, టేపు పలకను తాకగానే ఆపేస్తాడు. ఫైబర్ పై పూత గాజులా చిట్లుతుంది కాబట్టి రంధ్రం నోటిని కొంచెం వెడల్పు చేస్తాడు. రంధ్రంలోనూ మర మీదా సముద్రపు పనికి తగిన సీలెంటు పూసి, రెండు మరలను గాళ్ల మధ్యలో బిగిస్తాడు. పడవను నీటిలో దింపి మెల్లగా, తర్వాత జోరుగా నడిపి చూస్తాడు. అంకె పోతుంటే 3 మిల్లీమీటర్లు దించి మళ్లీ నడుపుతాడు. అంకె నిలిచాకే మూడో మర పెడతాడు. ఆ తర్వాత బ్రాకెట్టు జరగదు.

సీలెంటు దగ్గర బద్ధకిస్తే మొదట నష్టపోయేది పలకే. చాలా ఫైబర్ పడవల్లో ట్రాన్సమ్ లోపల ప్లైవుడ్ ఉంటుంది. మర రంధ్రం గుండా నీరు చేరితే అది బయటికి కనిపించకుండా కుళ్లుతుంది, ఇంజన్ బరువు మోసేది ఆ చెక్కే. అందుకే పలకకు ఒక మందపాటి ప్లాస్టిక్ దిమ్మను జిగురుతో అతికించి, ట్రాన్స్‌డ్యూసర్ మరలను ఆ దిమ్మలోకే బిగించే పద్ధతి మేలైనది. ఎన్నిసార్లు జరిపినా పలకకు కొత్త రంధ్రం పడదు.

పడవ లోపల అమరిక: గట్టి ఫైబర్ పొరతో మాత్రమే చేసిన అడుగు గుండా శబ్దం పోగలదు. అప్పుడు ట్రాన్స్‌డ్యూసర్‌ను లోపలే అతికించవచ్చు. రంధ్రం లేదు, నాచు పట్టదు, ఒడ్డు ఇసుక తగలదు. బదులుగా కొంత శక్తి ఫైబర్‌లో పోతుంది, లోతు సామర్థ్యం తగ్గుతుంది, ఉష్ణమాపకం ఉంటే అది నీటి వేడిని కాక పడవ అడుగు వేడిని చూపుతుంది. రెండు ఫైబర్ పొరల మధ్య నురుగో, బాల్సా చెక్కో ఉన్న పడవకు ఇది పనికిరాదు. ఆ నడిమి పదార్థంలోని గాలి శబ్దాన్ని మింగేస్తుంది. చెక్క పడవకూ పనికిరాదు.

అతికించే ముందు పరీక్ష తప్పనిసరి. పడవను తేలేలా నీటిలో నిలిపి, ట్రాన్స్‌డ్యూసర్‌ను పక్క నుంచి నీటిలో ముంచి లోతు చదవాలి. తర్వాత పలచటి ప్లాస్టిక్ సంచిలో నీరు పోసి, అందులో ట్రాన్స్‌డ్యూసర్ ఉంచి, మూతి కట్టి, పడవ లోపల అనుకున్న చోట అదిమి చదవాలి. సంచి కింది అడుగును తడి చేయడం మరచిపోకూడదు, లేకపోతే సంచికీ ఫైబర్‌కూ మధ్య మళ్లీ గాలే. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే ఆ చోటు పనికొస్తుంది. లేకపోతే నాలుగంగుళాలు జరిపి చూడాలి.

అతికించడానికి మెల్లగా గట్టిపడే ఎపాక్సీ వాడతారు. ఫైబర్‌ను గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ఎపాక్సీని కదిలించకుండా పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ను మెలితిప్పుతూ అదిమితే లోపలి బుడగలు అంచులకు పోతాయి. కొందరు అతికించరు. ఒక గొట్టం ముక్కను అడుగుకు అతికించి తొట్టిలా చేసి, దానిలో ద్రవం నింపి ట్రాన్స్‌డ్యూసర్‌ను ముంచుతారు. విషం కాని ప్రొపిలీన్ గ్లైకాల్ గానీ, ఆముదం గానీ పోస్తారు. ఆముదం ధ్వని నిరోధం నీటికి దగ్గరగా ఉండటంతో నౌకాదళాల సోనార్ పరికరాల లోపల కూడా దాన్నే నింపుతారు. మన ఇళ్లలో దీపానికీ తలకూ వాడిన నూనె ఇది. నీరు మాత్రం తొట్టిలో ఆవిరైపోతుంది, నిలకడగా ఉండదు.

రంధ్రం గుండా అమరిక: పడవ అడుగుకు రంధ్రం చేసి ట్రాన్స్‌డ్యూసర్ కాడను లోపలికి పంపి నట్టుతో బిగిస్తారు. కొలత అన్నిటికన్నా నమ్మకమైనది ఇక్కడే, తప్పు జరిగితే నష్టం కూడా అన్నిటికన్నా ఎక్కువ ఇక్కడే. చాలా రకాలకు రంధ్రం వ్యాసం సుమారు 51 మిల్లీమీటర్లు. ముందు 3 మిల్లీమీటర్ల దారి రంధ్రం వేసి, లోపల ఏ దూలానికీ తగలకుండా ఉందని చూసుకున్నాకే పెద్ద రంధ్రం కోస్తారు. చోటు ప్రొపెల్లర్‌కూ ఇంజన్‌కూ ముందు, ఎల్లప్పుడూ నీటిలో మునిగి ఉండే భాగంలో ఉండాలి.

పడవ అడుగు చాలావరకు ఆంగ్ల ‘వీ’ అక్షరం ఆకారంలో ఏటవాలుగా ఉంటుంది. వాలు ఎక్కువైతే శబ్దపు గరాటు పక్కకు పోతుంది. దాన్ని నిటారు చేయడానికి వాలుకు తగ్గట్టు ఏటవాలుగా కోసిన దిమ్మను బయట, దాని మిగిలిన ముక్కను లోపల పెడతారు. బిళ్లనే లోపల వంచి పెట్టిన ట్రాన్స్‌డ్యూసర్లు కూడా ఉన్నాయి. వాటికి దిమ్మ అక్కరలేదు. నట్టును బలం కొద్దీ బిగించకూడదు, సీలెంటంతా బయటికి కారిపోతుంది. నీటిలో దింపిన వెంటనే లోపల తడి చూడాలి. చిన్న ఊట వెంటనే కంటపడదు, కాబట్టి మూడు గంటలు దాటకముందే మరోసారి చూడాలి.

తీసిపెట్టే అమరికలు: వెదురు గానీ, అల్యూమినియం గొట్టం గానీ పక్కకు బిగించి చివర ట్రాన్స్‌డ్యూసర్ కట్టడం, రబ్బరు పీల్చుడు గిన్నెతో పలకకు అంటించడం, క్లాంపుతో తగిలించడం ఈ కోవలోవి. మెల్లగా పోయే పడవకూ అద్దె పడవకూ చాలు. వేగానికి తట్టుకోవు.

పడవ పదార్థాన్ని బట్టి ఎంపిక

రంధ్రం గుండా పెట్టే ట్రాన్స్‌డ్యూసర్ తొడుగు ప్లాస్టిక్, కంచు, స్టెయిన్‌లెస్ స్టీలు రకాల్లో దొరుకుతుంది. చెక్క పడవకు ప్లాస్టిక్ తగదు. చెక్క నీటిలో ఉబ్బి ప్లాస్టిక్ కాడను నొక్కి పగలగొట్టగలదు, కంచు సరైనది. అల్యూమినియం పడవకు కంచు పెట్టకూడదు. ఉప్పునీటిలో ఈ రెండు లోహాలు తాకితే విద్యుత్ రసాయన చర్యతో అల్యూమినియం కరుగుతుంది. అక్కడ ప్లాస్టిక్, లేదా రబ్బరు తొడుగుతో వేరుచేసిన స్టెయిన్‌లెస్ స్టీలు వాడతారు. ఫైబర్ పడవకు ఏదైనా సరిపోతుంది. మధ్యలో నురుగున్న ఫైబర్ అయితే రంధ్రం చుట్టూ నురుగును తవ్వేసి ఎపాక్సీ నింపాలి, లేకపోతే నీరు పొరల మధ్యకు చేరుతుంది.

కేబులు, విద్యుత్తు

చిన్న పడవ పరికరాలు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. తయారీదారు చెప్పిన ఫ్యూజును బ్యాటరీకి దగ్గరగా పెట్టాలి. ట్రాన్స్‌డ్యూసర్ కేబులును ఇంజన్ స్పార్కు తీగలతో, వీహెచ్ఎఫ్ రేడియో ఏంటెనా తీగతో కలిపి కట్టకూడదు. కలిపితే ఇంజన్ తిరిగినంతసేపూ తెర మీద చుక్కల వాన కురుస్తుంది. కేబులు ఎక్కువైతే చుట్ట చుట్టి కట్టాలే తప్ప కోయకూడదు. దాని పొడవు, లోపలి కవచం పరికరానికి లెక్కగట్టి ఉంటాయి. కేబులు లోపలికి వచ్చే రంధ్రం నీటి మట్టానికి బాగా పైన ఉండాలి, బయట ఒక వంపు కిందికి వేలాడాలి. తీగ వెంట కారిన నీరు ఆ వంపు దగ్గరే జారిపోతుంది.

లోతు సవరణ

ట్రాన్స్‌డ్యూసర్ తన ముఖం నుంచి నేల దాకా ఉన్న దూరాన్నే కొలుస్తుంది. అది నీటి లోతూ కాదు, పడవ అడుగు కింద మిగిలిన నీరూ కాదు. ఉదాహరణకు ముఖం నీటి మట్టానికి 20 సెంటీమీటర్ల కింద, ప్రొపెల్లర్ కొస 60 సెంటీమీటర్ల కింద ఉన్నాయనుకుందాం. తెర 2 మీటర్లు చూపితే నీటి లోతు 2.2 మీటర్లు, ప్రొపెల్లర్ కింద మిగిలింది 1.6 మీటర్లు. పరికరంలో 0.2 కలిపితే మొదటి అంకె, 0.4 తీసివేస్తే రెండో అంకె నేరుగా కనిపిస్తుంది. ఏది పెట్టుకున్నా తప్పు కాదు. ఒకరు ఒకటి పెట్టి, పడవ తీసుకున్న రెండోవారు మరొకటి అనుకోవడమే ప్రమాదం. పెట్టిన సవరణను తెర పక్కన రాసి అంటించడం మంచి అలవాటు.

సముద్ర పటంలోని లోతులు కనిష్ఠ పాటు మట్టం నుంచి లెక్కవేసినవి. తెర మీది అంకె ఆ క్షణపు నీటిది. విశాఖ తీరంలో పున్నమి, అమావాస్యలకు ఆటుపోట్ల తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. పటంతో పోల్చేవారు అంతమేర లెక్కలోకి తీసుకోవాలి.

పరీక్ష, లోపాలు

సరిచూసుకోవడానికి పాత పద్ధతే మేలు. నిలకడ నీటిలో గుండు తాడు వేసి, తెర అంకెతో పోల్చాలి. ఒడ్డు దగ్గర రెండు బారల్లో ఒకసారి, లోపలికి పోయి ఐదారు బారల్లో మరొకసారి చూస్తే తేడా స్థిరంగా ఉందో, లోతుతో పెరుగుతోందో తెలుస్తుంది. స్థిరమైతే సవరణ తప్పు. లోతుతో పెరిగితే శబ్దవేగపు తేడా.

నిలిచినప్పుడు అంకె ఉండి వేగంలో పోతే బుడగలు. ఎప్పుడూ లేకపోతే తీగ, లేదా లోపలి అమరికలో చిక్కిన గాలి. గట్టి నేల ఉన్న లోతులేని చోట తెర మీద అసలు లోతుకు రెట్టింపు దగ్గర రెండో నేల కనిపిస్తుంది. శబ్దం పడవకూ నేలకూ మధ్య రెండుసార్లు తిరగడమే దీనికి కారణం, ఇది లోపం కాదు. గోదావరి, కృష్ణా ముఖాల దగ్గర మెత్తటి బురద ఉన్నచోట 200 కిలోహెర్ట్‌జ్ బురద పైపొరనే నేలగా చూపుతుంది, తక్కువ పౌనఃపున్యం దానిలోకి దిగి కింది గట్టి పొరను చూపుతుంది. రెండు అంకెలు వస్తే రెండూ నిజమే కావచ్చు.

నిర్వహణ

నీటిలోనే ఉండే పడవల్లో ముఖానికి నాచు, బార్నకిల్ పెంకులు పడతాయి. మెత్తటి గుడ్డతో, మొండిగా ఉంటే ప్లాస్టిక్ పీచుతో రుద్దాలి. కత్తితో గీకితే ముఖం మీద గాళ్లు పడి మళ్లీ బుడగలకు చోటవుతాయి. నాచు పట్టకుండా వేసే పెయింటు నీటితో కలిపే రకమే కావాలి. కొన్ని ద్రావకాలు ప్లాస్టిక్‌ను తినేస్తాయి. పడవ అడుగుకు రంగు వేసేవారు ట్రాన్స్‌డ్యూసర్‌ను కూడా అదే డబ్బాతో పూసేయడం తరచూ జరిగే పొరపాటు.

తెలుగు తీరంలో, జలాశయాల్లో

ఆంధ్ర తీరంలో చాలాచోట్ల రేవు లేదు. ఫైబర్ తెప్పలు, పడవలు అలలను దాటి నేరుగా ఇసుక మీదికి వస్తాయి. 1980లలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) బంగాళాఖాత కార్యక్రమం ఈ అవసరం కోసమే ఒడ్డుకు లాగగల పడవ నమూనాలను ఇక్కడ ప్రయత్నించింది. ఇసుక మీదికి ఈడ్చే పడవకు అడుగున పొడుచుకువచ్చిన ట్రాన్స్‌డ్యూసర్ నిలవదు. వెనుక పలక మీది రకం కూడా, తగలగానే పైకి మడుచుకునే బ్రాకెట్టు లేకపోతే, మొదటి కెరటానికే విరగవచ్చు. గట్టి ఫైబర్ భాగం దొరికితే లోపలి అమరిక, లేదా వేట చోటుకు చేరాక దించే కర్ర అమరిక ఇలాంటి పడవలకు తగినవి. విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం వంటి రేవుల్లో నీటిలోనే ఉండే మరపడవలకు ఈ ఇబ్బంది లేదు. వాటికి అడుగు రంధ్రం అమరిక సరిపోతుంది.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్ల గురించి ఇచ్చే సమాచారంలో దిక్కు, దూరంతో పాటు లోతు కూడా ఉంటుంది. ఆ చోటుకు చేరామో లేదో జీపీఎస్‌తో పాటు లోతుమాపకం కూడా చెబుతుంది. నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి జలాశయాల్లో నీటి మట్టం నెలనెలా మారుతుంది కాబట్టి నిరుడు సాఫీగా సాగిన దారిలో ఈ ఏడు బండ తగలవచ్చు. అక్కడ మెల్లగా నడిచే పడవలకు తీసిపెట్టే రకమే చాలు.

పరిమితులు

మామూలు లోతుమాపకం కిందికి మాత్రమే చూస్తుంది, ముందుకు చూడదు. తెర మీద లోతు తగ్గిందని కనిపించేసరికి పడవ ఆ చోటు మీదికి వచ్చేసి ఉంటుంది. గరాటు వెడల్పులో అతి దగ్గరి చోటునే అది నేలగా ఎంచుతుంది, నిటారు గట్టు పక్కన అది చూపేది గట్టు అంచు లోతు. అర మీటరు లోపు లోతులో చాలా పరికరాలు ఏమీ కొలవలేవు. నేలను పట్టలేకపోయినప్పుడు చాలా పరికరాలు చివరగా చదివిన అంకెనే మిణుకుమిణుకుమనిపిస్తూ ఉంచుతాయి. మిణుకుతున్న ఆ అంకె ఇప్పటి లోతు కాదు, దాటివచ్చిన లోతు.